లైనుకు పద్నాలుగో అర్థం

ఏరివేత మొదలైన సోమవారం

పొద్దున్నే పదాల పీట మీద పేరుకున్న ఉప్పును తడిగుడ్డతో తుడిచి కూర్చున్నాను. నా తర్వాత ఈ పని చేసేవాడు ఎవడూ లేడు. తుడవడం సంగతే అంటున్నాను. మాటల సంగతి సరేసరి.

వానలు దగ్గరపడ్డాయి. అలల చక్రాలు కొన్ని ఇప్పటికే కట్టేశారు, మిగతావీ కట్టేస్తారు. చక్రాలు ఆగితే, సముద్రంలో తెప్పల మీద తేలే మా తెప్పలూరుకు కరెంటు సగానికి పడిపోతుంది. అందుకే ఏటా ఈ రోజుల్లో చెవి బరువు తగ్గిస్తాం. ఊళ్లో ప్రతి గోడలోనూ చెవి ఉంది. ఒక్కో మాటకు ఉన్న ఒక్కో అర్థాన్నీ అది మోస్తుంది, మోసిన ప్రతిదానికీ కరెంటు తింటుంది. ఏడాది పొడుగునా మనుషుల మధ్య వినబడని అర్థాలను ఏరి చదువుతుంది. పీట మీద ఉన్న ముగ్గురం "ఉంచు" అనో "దించు" అనో అంటాం. దించిన అర్థంలో ఎవరైనా ఆ మాట అంటే, "ఆ మాట నా దగ్గర లేదు" అంటుంది చెవి, మధ్యాహ్నం భోజనానికి లేవబోతున్న గుమస్తా అంత మర్యాదగా.

ఈ ఊళ్లో స్విచ్చులు లేవు. ఉప్పుగాలికి నిలవవని మొదట్లోనే పీకేశారు. దీపం, కుళాయి, తలుపు, అన్నీ నోటిమాట మీదే.

ముగ్గురం అన్నాను గానీ, వలల పెద్ద తాతారావు కూర్చున్న చోటే నిద్రపోతాడు. చెయ్యెత్తాల్సి వచ్చినప్పుడు లేస్తాడు. నర్సు సువార్తమ్మ ప్రతి మాటకూ నా వైపు చూసి "మీకు తెలియందేముందండీ" అంటుంది. కాబట్టి ఏరివేత అంటే నేనే.

ఇవాళ "సాలు" పూర్తిగా పోయింది. నాగలి లేని చోట సాలెక్కడిది. "బారు"కు ఉన్నదొక్కటే అర్థం, అదీ పోయింది. "పంక్తి"ని నిరుడే దించాం. వీటన్నిటినీ నా చిన్నప్పుడు నోటినిండా పలికేవాళ్లను చూశాను. నా చేత్తోనే దించుతున్నాను.

తర్వాత చెవి చదివింది. "లైను. కరెంటు తీగ అనే అర్థం. మనుషుల మధ్య వినబడలేదు, చెవితో మాత్రమే. లైను. నీటి గొట్టం అనే అర్థం. చెవితో మాత్రమే."

ఎవరి గదిలో వినబడిందో మిగతా ఇద్దరికీ చెప్పదు, తెలిస్తే మొహమాటం వస్తుందని. దొంగ సాక్ష్యాలు పట్టాలి కాబట్టి పదాల పెద్దనైన నాకు మాత్రం, చెవిలో పెట్టుకునే గుండీలో గుసగుసగా చెబుతుంది. పడమటి తెప్ప, ఏడో గది.

ఆ గది ఎవరిదో నాకు తెలుసు. "దించు" అన్నాను. రెండుసార్లు అన్నాను.

వరుస, పంక్తి, తీగ, గీత, బారు, సాలు, ఇన్ని సొంత మాటలు ఆకలితో చస్తుంటే ఒక్క అరువు మాట వాటన్నిటి కంచాల్లోనూ తిని బలిసింది. ఇవాళ దాని ముందునుంచి రెండు కంచాలు తీసేశాను. మధ్యాహ్నం కునుకు బాగా పట్టింది.


బుధవారం

ఈ రాతలు ఎవరు చదువుతారో తెలియదు గనక ఏడో గది సంగతి చెప్పాలి. అందులో ఉండేది పొట్నూరు అప్పలస్వామి. నాలాగే మాటలు ఏరుకుని బతికినవాడు. నాలాగే అంటే ఒప్పుకోడు. నేను పుస్తకాల్లోంచి ఏరాననీ తాను నోళ్లలోంచి ఏరాననీ అనేవాడు. ఏ నోళ్లలోంచి ఏరాడో గానీ, అతని నోరు మూతపడగా నేను చూడలేదు. ఏరిన మాటలు రాసుకున్న అతని పుస్తకం ఒకటి పోతే, నేనే దాచానని ఊరంతా చెప్పుకున్నాడు.

నా నిఘంటువు బయటికొచ్చిన రోజు ఊరంతా సభకు వచ్చింది. అప్పలస్వామి లేచి, ఆ సాగదీసే గొంతుతో, "ఇందులో అన్ని మాటలూ ఉన్నాయి, ఒక్కటీ బతికి లేదు. మన భూషణం మాస్టారు మాటలకు కాటికాపరి" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నా జీవితమంతా పెట్టి రాసిన పుస్తకం పేరు ఇప్పుడు ఎవడికీ గుర్తులేదు. కాటికాపరి మాత్రం గుర్తుంది. ఉప్పుచేపల కొట్టువాడు కూడా, "ఈ రెండూ కాటికాపరిగారికి ఇవ్వరా" అంటాడు, తప్పని తెలియకుండానే.

నేను పదాల పెద్దనయ్యాక ఒక నియమం రాశాను. అర్థం బతికే ఉందనాలంటే ఒక మనిషి ఇంకో మనిషితో అది పలకాలి, ఆ రెండో మనిషి బదులు పలకాలి. ఇంటివాళ్ల బదులు చెల్లదు, పీట మీద ఉన్నవాళ్ల బదులు చెల్లదు. అప్పలస్వామి గోడలతో ఊరికే వాగి అర్థాలు ఎక్కించేవాడు. అతన్ని కట్టడి చేద్దామనే రాశాను.

అతనేం చేశాడు? ఒకే మధ్యాహ్నం పదమూడు జంటల్ని పీట ముందుకు తోలుకొచ్చాడు. అన్నీ "లైను"కే. మందుల దగ్గర నిలబడే లైను, పలక మీద గీసే లైను, కరెంటు లైను, నీళ్ల లైను, ఫోను లైను. సముద్రం మీద ఊళ్లో రైలు లైను కోసం కూడా ఇద్దరు ముసలి గార్డుల్ని పట్టుకొచ్చాడు. ఇళ్ల లైను, బస్సు లైను, పాటలో ఒక లైను, గాలానికి కట్టే లైను. మీది ఏ లైనండీ అని పని అడిగే లైను, కొడుకు లైన్లో పడ్డాడనే తల్లి. చివరికి లైను వేయడం కోసం నాచు కొట్టులో పనిచేసే ఒక కుర్రాణ్ణీ అమ్మాయినీ నిలబెట్టాడు. కుర్రాడు, "నీకు లైనేస్తన్నానని అందరికీ తెలిసిపోనాది" అన్నాడు. ఆ పిల్ల తల దించుకుని, "నాకెప్పుడో తెలిసింది, మీకే ఆలీసంగా తెలిసింది" అంది. చప్పట్లు. ఆ ఇద్దరూ తర్వాత పెళ్లి కూడా చేసుకున్నారు.

పదమూడుసార్లు "ఉంచు" అన్నాను. నా నియమం ప్రకారమే.

ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. నిరుడు ఎండాకాలంలో అతను పడిపోయాడని, పక్షవాతమని విన్నాను. చూడ్డానికి వెళ్లలేదు.


గురువారం

"మాస్టారు, ఉన్నారేటి?"

గుమ్మంలో అప్పలస్వామి కూతురు పైడితల్లి నిలబడి ఉంది. నాచు ఆరబెట్టే కొట్టులో పని. మోచేతుల దాకా పచ్చటి మరకలు. లోపలికి రమ్మంటే, "ఒద్దులెండి, గచ్చు పాడవుద్ది" అంది.

"మా అయ్యకి దీపం ఎలగట్లేదు. కుళాయీ రాట్లేదు. సెవికేటో అయినట్టుంది. మీరు పదాల పెద్ద కదా, సూస్తారని వొచ్చినాను."

"చెవికేమీ కాలేదమ్మా. ఆయన్ని మాట మార్చుకోమను. దీపం అంటే వెలుగుతుంది, నీళ్లు అంటే వస్తాయి."

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీకు తెలీదేటి?"

"ఏం తెలియాలి?"

"పడిపోనాక అయ్యకి మాటలన్నీ పోనాయి. ఒక్కటే మిగిలింది. లైను. ఆకలేసినా లైనే, నొప్పెట్టినా లైనే, నన్ను పిలవాలన్నా లైనే. నాకే సగం బోధపడదు. సెవికి మాత్రం బోధపడీది. ఎలా బోధపడీదో మరి."

ఎలాగో నాకు తెలుసు. చెవి మాట ఒక్కటే వినదు. మనిషి ఎటు తిరిగాడో చూస్తుంది, చెయ్యి ఎటు చాచాడో చూస్తుంది, గొంతు చూస్తుంది. కాకపోతే ఏరుకోవడానికి దాని దగ్గర అర్థాలుండాలి. పదమూడు అర్థాలు ఉండబట్టి అప్పలస్వామికి ఒక్క మాటతో రోజు గడిచింది.

"దేవుడు అన్నీ లాక్కుని ఒక్కటి ఒగ్గేసినాడు," అంది పైడితల్లి. "అదీ అయ్యకి ఇష్టమైన మాటే ఒగ్గేసినాడు. మొదట్లో అయ్యే నవ్వుకునీవోడు."

నిజం రాస్తాను. ఆ మాట వినగానే నాకూ నవ్వొచ్చింది. నోట్లోనే ఆపుకున్నాను గానీ, వచ్చింది. ఎంతమంది ముందు, ఎన్ని నోళ్ల గురించి ఉపన్యాసాలిచ్చాడు!

"ఆ రెండు అర్థాలూ దిగిపోయాయమ్మా. వానలు వెళ్లి చక్రాలు విప్పాక మళ్లీ ఎక్కించవచ్చు. బయటివాళ్లు ఎవరైనా ఆయనకు బదులు పలకాలి."

"వానలెళ్లీదాకా సీకట్లో కూకోమంటారేటి? పొద్దున్న దీపం ఎలిగించి ఎల్తాను. గదిలో మాట లేకపోతే అదే ఆరిపోద్ది కదా. నాను కొట్టుకెళ్తే ఆయనొక్కడే."

"నియమం నాది కాదు, ఊరిది."

"ఎవులు దించేరు మాస్టారు?"

"పీట దించింది."

ఆమె "సరే, అయ్యకి సెప్తాను, మీరు సూస్తానన్నారని" అంది.

"నేను చూస్తానని అనలేదు."

"అన్నారంటే సంతోసిస్తాడు కదా," అని వెళ్లిపోయింది.


శనివారం

పచ్చిమిరపకాయలు పడమటి తెప్పలోనే పండుతాయి. సంచి పట్టుకుని ఆ వంకతో వెళ్లాను. దేనికి వెళ్లానో నాకే తెలియదు. అతని చీకటి చూడ్డానికే వెళ్లి ఉంటాను. అంతకన్నా మంచి కారణం రాయడానికి చెయ్యి రావడం లేదు.

మా ఊళ్లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా చెవితో మాట్లాడుతుంటే పక్కవాళ్లు పలకకూడదు. రెండు గొంతులు కలిస్తే చెవి తడబడుతుంది. చల్లనీళ్లడిగినవాడి మీద వేడినీళ్లు కుమ్మరిస్తుంది. అందుకని పిల్లలకు నడకతో పాటే ఇదీ నేర్పుతాం. గోడతో మాట్లాడే మనిషి కనిపిస్తే తల వంచి, పెదవి మీద వేలు పెట్టి దాటిపోవాలి. ఇది తప్పినవాణ్ణి బండవాడంటారు.

ఏడో గది తలుపు తెరిచే ఉంది. పడమటి తెప్ప గదులు నీటి మట్టానికి కింద ఉంటాయి. పట్టపగలు కూడా దీపం లేకపోతే బావిలో ఉన్నట్టే. నడవాలోంచి పడే వెలుతురులో కుర్చీ కనిపించింది. అందులో అప్పలస్వామి. మనిషి సగమయ్యాడు. మీసం మాత్రం అలాగే ఉంది, ఎవరో దువ్వుతున్నారు.

"లైను," అన్నాడు పైకి చూస్తూ.

"ఆ మాట నా దగ్గర లేదు. మరో మాట చెప్పండి," అంది చెవి.

"లైను." ఈసారి బతిమాలుతున్నట్టు.

"ఆ మాట నా దగ్గర లేదు. మరో మాట చెప్పండి."

తట్టలు నెత్తిన పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. గది ముందుకు రాగానే తల వంచి, పెదవి మీద వేలు పెట్టి దాటిపోయారు. వలలు మోసుకుంటూ ఒకడు వచ్చాడు. రెండు చేతులూ ఖాళీ లేక పెదవులు బిగించి దాటాడు. ఎవరూ మర్యాద తప్పలేదు. అప్పుడు నాకు అర్థమైంది. పడిపోయిన రోజునుంచీ ఈ తలుపు ముందు ఊరంతా ఇలాగే నోరు మూసుకుని దాటుతోంది. అందుకే అతని అర్థాలన్నీ "మనుషుల మధ్య వినబడలేదు" అయ్యాయి. అతను గోడతో మాట్లాడాడో, దాటిపోతున్న మనిషితోనే మాట్లాడాడో ఆగి చూసినవాడు లేడు. నా నియమమూ ఊరి మర్యాదా కలిసి అతన్ని నడుమ పెట్టి తలుపులు వేశాయి.

నేను అక్కడే నిలబడిపోయినట్టున్నాను. కుర్చీలోని తల నెమ్మదిగా నా వైపు తిరిగింది. గుర్తుపట్టాడు.

"లైను," అన్నాడు.

గోడ వైపు తిరిగి కాదు. పైకి చూసి కాదు. నా ముఖంలోకి చూసి అన్నాడు.

నా వేలు నా పెదవి మీదికి వెళ్లింది. తల వంచాను. దాటిపోయాను.

ఇల్లు చేరాక చూస్తే సంచి ఖాళీగా ఉంది.


రెండో సోమవారం

చెవి చదివింది. "లైను. ఫోనులో పిలుపు అనే అర్థం. చెవితో మాత్రమే." గుండీలో గుసగుస. పడమటి తెప్ప, ఏడో గది.

కూతుర్ని కొట్టులోంచి పిలవడానికి అతనికున్న అర్థం ఇదొక్కటే.

"అందరం పిలువు అనే అంటున్నాం కదండీ," అంది సువార్తమ్మ. "ఈ ఫోన్లూ లైన్లూ మా అమ్మమ్మ కాలం నాటివి. ఇప్పుడెవరికన్నా అవసరమంటారా మాస్టారూ?"

"అప్పలస్వామికి అవసరం" అంటే సరిపోయేది. కానీ అలా అంటే ఆవిడ అక్కడితో ఆగదు. మరి మొన్న దించిన ఆ రెండూ ఏ గదివండీ అని అడుగుతుంది. నర్సు గదా, పుండు సగం చూసి కట్టు కట్టే మనిషి కాదు. దించు అనడానికి నోరు రాలేదు. ఉంచు అనే ధైర్యం లేదు. జీవితమంతా మాటలతో గడిపినవాడికి రెండు మాటల్లో ఒక్కటీ దొరకలేదు.

"నడుం నొప్పిగా ఉంది. రేపు చూద్దాం," అన్నాను.

"అయ్యో, ముందే చెప్పొద్దా అండీ? తైలం పంపిస్తాను, వేడి చేసి రాయించుకోండి."

పంపించింది. నొప్పి లేని నడుముకు ఆ తైలం రాసుకున్నాను. వాసన బట్టలకు పట్టింది. ఎవరైనా వచ్చి అడిగితే సాక్ష్యం ఉండాలి కదా.


మంగళవారం

ఇవాళ పొద్దున అప్పలస్వామి దాహమై, చీకట్లో కూజా కోసం లేచి పడ్డాడు. మణికట్టు విరిగింది, నుదురు చిట్లింది. నేల మీదినుంచే తనకున్న ఆ ఒక్క మాటా అన్నాడట. పిలుపు అర్థం ఇంకా దిగలేదు గనక చెవి నాచు కొట్టుకు వినిపించింది. పైడితల్లి పరుగెత్తుకెళ్లింది. నిన్న నేను దించు అని ఉంటే సాయంత్రం ఆమె వచ్చేదాకా అక్కడే పడి ఉండేవాడు. అతన్ని కాపాడింది నా దొంగ నడుం నొప్పి. నా మంచితనానికి అందులో వాటా లేదు.

మధ్యాహ్నం చావడిలో పీట ముందు ఊరు ఊరంతా ఉంది. సువార్తమ్మ చేతులకు మందు వాసనతో వచ్చి కూర్చుంది.

"మాస్టారూ, మొన్న దించిన ఆ రెండర్థాలూ ఏ గదివో మీకు చెవి చెప్పిందాండీ?"

"చెప్పింది."

"గది ఎవరిదో తెలుసా?"

"తెలుసు."

"ఆయనకి ఆ ఒక్క మాటే ఉందనీ తెలుసా?"

"దించినప్పుడు తెలియదు. పైడితల్లి వచ్చి చెబితే తెలిసింది."

"ఎప్పుడు చెప్పింది?"

"నిన్నటికి ముందే."

తాతారావు మెలకువగా ఉన్నాడు. పీట మీద అతన్ని నిటారుగా చూడటం అదే మొదలు.

సువార్తమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నా తైలం సీసా తిరిగి పంపించెయ్యండి," అంది. అంతే.

నవ్వేవాడు ఒక్కడైనా ఉంటాడేమోనని చూశాను. లేరు.

పిలుపు అర్థం ఇవాళ తేలాలి. సాక్ష్యం లేకపోతే సూర్యాస్తమయానికి చెవి తనంతట తానే దించేస్తుంది. అదీ నేను రాసిందే. అప్పలస్వామిని కుర్చీతో సహా మోసుకొచ్చారు. నుదుటి మీద కట్టు, చేతికి బద్దలు.

"లైను. ఫోనులో పిలుపు అనే అర్థం. సాక్ష్యం వినిపించండి," అంది చెవి.

అప్పలస్వామి బాగున్న చేతిని గుప్పిట చేసి, బొటనవేలూ చిటికెనవేలూ చాచి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. పూర్వం ఫోను పట్టుకున్నట్టు. జనాన్ని చూస్తూ, "లైను?" అన్నాడు. తెగిపోయిన ఫోనులో అవతలివాడు ఉన్నాడో లేడో అడిగినట్టు ఉంది ఆ గొంతు.

చావడి అంతా ఒక్కసారి తల వంచింది. ఊరు ఊరంతా పెదవుల మీద వేళ్లు పెట్టుకుంది.

వాళ్ల తప్పు కాదు. అప్పుడే చెవి మాట్లాడింది, దాని వెనకే అతను మాట్లాడాడు. పుట్టినప్పటినుంచీ నేర్చుకున్న మర్యాద చెయ్యి పట్టుకుని లాగింది. సువార్తమ్మ వేలు కూడా సగం దాకా లేచి ఆగడం చూశాను.

"అయ్య గోడతో కాదు, మీతో మాట్లాడతన్నాడు," అంది పైడితల్లి. "ఒక్కలన్నా పలకండి. నాను పలికితే సెల్లదంట."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏమని పలకాలో ఎవరికీ తోచలేదు. ఫోను పట్టుకున్న తరం అక్కడ ఎంతమంది ఉన్నారు? అతనూ, నేనూ, ఇంకో నలుగురైదుగురు చెవిటివాళ్లూ.

"లైను?" అన్నాడు మళ్లీ. ఈసారి నన్నే చూస్తున్నాడు.

పీట మీద ఉన్నవాడి బదులు చెల్లదు. పీట దిగినవాడు మళ్లీ ఎక్కకూడదు. రెండూ నా నియమాలే. రాసినప్పుడు ఎంత ముచ్చటపడ్డానో.

చెవిలోంచి గుండీ తీసి పీట మీద పెట్టి లేచాను. అతని ముందు నిలబడి నేనూ గుప్పిట చెవి దగ్గర పెట్టుకున్నాను.

"లైన్లోనే ఉన్నాను. చెప్పు అప్పలస్వామీ."

అతని ముఖం కదిలింది. ఇక మొదలుపెట్టాడు. "లైను. లైను లైను. లైనూ..." అంటూ, పళ్లు కొరుకుతూ, ఊపిరి అందనంతగా. ఒక్క మాట మిగిలినవాడు తిట్టలేడనుకోవడం మన అమాయకత్వం.

"అవును," అన్నాను.

"లైను!"

"అదీ నిజమే."

"లైను లైను లైను."

"అది మాత్రం అబద్ధం. నీ పుస్తకం నేను దాచలేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పలస్వామి సగం నోరు కూడా వంకరగా నవ్వింది.

"విన్నాను," అంది చెవి. "ఉంచుతున్నాను."

రాయాల్సింది ఇంకొకటి ఉంది. ఆ క్షణంలో కూడా నా మనసు వెనక్కి తిరిగి, జనం చప్పట్లు కొడతారేమోనని చూసింది. అప్పుడతనికి కొట్టారు కదా అని. ఎవరూ కొట్టలేదు. అతన్ని మోసుకుని వెళ్లిపోయారు. నా పక్కగా వెళ్లినవాళ్లు తల వంచలేదు, వేలు పెట్టలేదు. కళ్లు పక్కకు తిప్పుకున్నారు.


వానల మధ్యలో ఒక రోజు

చక్రాలు విప్పేదాకా ఆ రెండు అర్థాలూ రావు. పైడితల్లి కొట్టుకు వెళ్లేవేళకు నేను ఏడో గదికి వెళ్తున్నాను. అతను "లైను" అంటాడు, నేను గోడకు "దీపం" అని చెబుతాను. అతను "లైను" అంటాడు, నేను "నీళ్లు" అంటాను. ఈ పని నాకు చేతకాదు. దాహమంటే దీపం వెలిగిస్తాను, దీపమంటే తలుపు వేస్తాను. నిన్న ఒక గంట సేపు అతనికి కావలసింది వీపు గోకడమని తెలుసుకోలేకపోయాను. చెవే నాకన్నా బాగా వినేది. నేను వినడం నేర్చుకోలేదు, పొందుపరచడం నేర్చుకున్నాను.

నేను గుమ్మంలోకి రాగానే అతను ఒక రకంగా "లైనూ" అంటాడు, చివర్న సాగదీసి. పలకరింపనుకుని నేనూ "వచ్చాను" అంటున్నాను. ఇవాళ పైడితల్లి కొట్టు చీర కట్టుకుని బయల్దేరబోతూ నవ్వేసింది.

"ఎవులొచ్చినా అలా అనడు మాస్టారు. మీరొస్తేనే."

"ఏమంటున్నాడు?"

"మీ పాత పేరే. గొంతు పట్టి సూడండి."

పట్టి చూశాను. నా పుస్తకం సభలో కాటికాపరి అని జనాన్ని నవ్వించినప్పటి సాగదీత. రవ్వంత తేడా లేదు.


చక్రాలు విప్పిన మర్నాడు

అలలు తగ్గాయి. కొత్త పదాల పెద్ద ఇంకా దొరకలేదు. పీట మీద ఉప్పు అంగుళం మందాన ఉంది, నేను తుడుస్తుంటే సువార్తమ్మ వద్దనలేదు. అప్పలస్వామి కరెంటు లైను అన్నాడు, నేను బదులు పలికాను. నీళ్ల లైను అన్నాడు, పలికాను. రెండూ ఎక్కాయి. తాతారావు రెండుసార్లూ నిద్రపోకుండా చెయ్యెత్తాడు.

"ఇంకేమన్నా ఉన్నాయాండీ?" అంది సువార్తమ్మ. మామూలుగా మాట్లాడుతోంది, మీకు తెలియందేముందండీ అనడం మాత్రం మానేసింది.

"ఒకటుంది. లైనుకు కొత్త అర్థం."

"అర్థం వివరించండి," అంది చెవి.

"తిట్టు. ఒక్క మనిషికే వర్తిస్తుంది."

"పలికినవారు?"

"పొట్నూరు అప్పలస్వామి. ఏడో గది. రోజూ."

"బదులు పలికినవారు?"

కుర్చీలోంచి అప్పలస్వామి నన్నే చూస్తున్నాడు. సాగదీసి, తీరిగ్గా, ఊరంతా వినేలా "లైనూ" అన్నాడు.

"నేనే," అన్నాను. "వచ్చాను, అప్పలస్వామీ."